విదేశీ యూనివర్సిటీలతో భాగస్వామ్యం: వృత్తి సంఘం ద్వారా ఎలా మొదలుపెట్టాలి

యూనివర్సిటీలో అంతర్జాతీయ వ్యవహారాల బాధ్యత మీకు కొత్తగా అప్పగించారనుకుందాం. మీరు ప్రొఫెసర్ అయినా కావచ్చు, ఆఫీసు ఉద్యోగి అయినా కావచ్చు. పైనుంచి వచ్చే మాట ఎక్కడైనా ఒకటే: "మనకు విదేశీ ఒప్పందాలు పెరగాలి." తీరా బీరువా తెరిస్తే పాత ఎంఓయూల (అవగాహన ఒప్పందాల) ఫైళ్లు కనిపిస్తాయి. సంతకాలు, సీళ్లు, చేతులు కలుపుకున్న ఫోటోలు అన్నీ ఉంటాయి గానీ వాటి కింద ఒక్క విద్యార్థి కూడా ఎక్కడికీ వెళ్లి ఉండడు. అవతల సంతకం పెట్టినాయన రిటైరై ఉంటాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లకు ఆ కాగితం ఉందన్న సంగతే తెలియదు.

రెండు యూనివర్సిటీల మధ్య పని నడిపించేది చివరికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మనుషులు. అలాంటివాళ్లు ఒకరినొకరు కలుసుకోవడానికి, ఈ పని నేర్చుకోవడానికి పెట్టుకున్నవే ఈ రంగంలోని వృత్తి సంఘాలు. అమెరికాలో నాఫ్సా 1948లో విదేశీ విద్యార్థుల సలహాదారుల సంఘంగా మొదలైంది. యూరప్‌లో విద్యార్థులను ఇతర దేశాల యూనివర్సిటీలకు పంపే ఎరాస్మస్ పథకం 1987లో 11 దేశాల మధ్య, 3,244 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. ఆ తర్వాత రెండేళ్లకే, 1989లో, ఈ పని చేసేవాళ్ల కోసం ఈఏఐఈ (యూరోపియన్ అసోసియేషన్ ఫర్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్) అనే సంఘం ఏర్పడింది. దాని కేంద్రం ఆమ్‌స్టర్‌డామ్. ఇలాంటి సంఘాన్ని వాడుకుని, బీరువాలో కాకుండా బయట బతికే భాగస్వామ్యాన్ని ఎలా కట్టుకోవాలో వరుసగా చూద్దాం.

ముందు మీకేం కావాలో ఒక పేజీలో రాయండి

సంఘంలో చేరడానికి ముందే చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని దాటవేసి, నేరుగా విమానం టికెట్ దగ్గర మొదలుపెడతారు.

మీ విభాగాధిపతులతో విడివిడిగా మాట్లాడండి. ఏ విభాగంలో ఇంగ్లిష్‌లో, లేదా బయటి విద్యార్థికి అర్థమయ్యే మరో భాషలో, ఒక సెమిస్టర్‌కు సరిపడా కోర్సులు ఉన్నాయి? ఎవరికి ఇప్పటికే విదేశాల్లో కలిసి పేపర్లు రాసే సహచరులు ఉన్నారు? మీ విద్యార్థులు నిజంగా ఏ దేశాలకు వెళ్లగలరు, ఖర్చు ఎవరు భరిస్తారు? బయటి నుంచి వచ్చేవాళ్లకు హాస్టల్ గది ఇవ్వగలరా? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే విద్యార్థుల మార్పిడి గురించి ఇప్పుడే మాట్లాడకండి. అధ్యాపకుల రాకపోకలతోనో, ఉమ్మడి పరిశోధనతోనో మొదలుపెట్టండి.

ఆ పేజీలో చివరికి మిగలాల్సింది మూడే సంగతులు: మేం ఇవ్వగలిగేది, మాకు కావాల్సింది, ఈ ఏడాది చేయలేనిది. ఈ మూడోది రాసిపెట్టుకున్నవాళ్లకు మీటింగుల్లో చాలా సమయం మిగులుతుంది.

ఏ సంఘంలో చేరాలి

ఈ సంఘాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, యూనివర్సిటీలే సభ్యులుగా ఉండేవి. 1950లో ఏర్పడి, పారిస్ కేంద్రంగా యునెస్కోతో కలిసి పనిచేసే ఐఏయూ (అంతర్జాతీయ యూనివర్సిటీల సంఘం) అలాంటిదే. లండన్ కేంద్రంగా 1913 నుంచి ఉన్న కామన్వెల్త్ యూనివర్సిటీల సంఘం కూడా ఈ కోవలోదే. వీటిలో సభ్యత్వం వైస్ ఛాన్సలర్ స్థాయి నిర్ణయం. విధానాలు, నిధులు, సంస్థల మధ్య నెట్‌వర్క్‌లు వీటి బలం.

రెండోది, ఈ ఉద్యోగంలో ఉన్న మనుషులను కలిపేవి. ఈఏఐఈ, నాఫ్సా ఇలాంటివి. ఎక్స్ఛేంజ్ (విద్యార్థుల మార్పిడి) కోఆర్డినేటర్, అడ్మిషన్స్ చూసేవాళ్లు, వీసా సలహాదారులు, ఇంటర్నేషనల్ డైరెక్టర్ అందరూ ఇక్కడ కనిపిస్తారు. శిక్షణ కోర్సులు, ఒక్కో అంశం మీద పనిచేసే బృందాలు, ఏటా ఒక పెద్ద కాన్ఫరెన్స్, దానితో పాటు యూనివర్సిటీలు స్టాండ్లు పెట్టుకునే ఎగ్జిబిషన్ ఉంటాయి. ఈఏఐఈ కాన్ఫరెన్స్ మామూలుగా సెప్టెంబర్‌లో, ఏటా ఒక కొత్త యూరప్ నగరంలో జరుగుతుంది: 2023లో రోటర్‌డామ్, 2024లో టూలూజ్, 2025లో గోథెన్‌బర్గ్. నాఫ్సాది మే నెలాఖరు ప్రాంతంలో ఉంటుంది. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఏపీఏఐఈ అనే ఇలాంటి సంఘమే ఉంది. దాని కాన్ఫరెన్స్ ఏడాది మొదటి నెలల్లో జరుగుతుంది, 2024లో పెర్త్‌లో, 2025లో న్యూఢిల్లీలో జరిగింది.

ఎంపికకు ఒకటే కొలత పెట్టుకోండి. మీ పేజీలో రాసుకున్న దేశాలవాళ్లు ఏ కాన్ఫరెన్స్‌కు ఎక్కువగా వస్తారు? జపాన్, కొరియా, ఆస్ట్రేలియా మీ లక్ష్యమైతే యూరప్ వరకు వెళ్లాల్సిన పని లేదు. అన్నింటిలోనూ చేరాలన్న ఉబలాటం మొదటి ఏడాది వద్దు. ఒక్క సంఘంలో వరుసగా మూడు నాలుగేళ్లు కనిపించేవాళ్లకు జరిగే మేలు, ఏడాదికో చోట తిరిగేవాళ్లకు జరగదు. రెండోసారి కనిపించినప్పుడు గానీ మనుషులు మన పేరు గుర్తుపెట్టుకోరు.

చేరగానే కాన్ఫరెన్స్ టికెట్ కొనకండి

మొదటి ఆరు నెలలు ఇంట్లో కూర్చునే చాలా నేర్చుకోవచ్చు. సభ్యులకు దొరికే వెబినార్లు వినండి, శిక్షణ కోర్సుల జాబితా చూడండి. కొత్తవాళ్లకు అనుభవజ్ఞులను జతచేసే మెంటార్ పథకం ఉంటే దరఖాస్తు పెట్టండి. మీ పనికి దగ్గరగా ఉన్న బృందం ఒకటి ఎంచుకుని అందులో ఏం చర్చిస్తున్నారో గమనించండి. క్రెడిట్ల బదిలీ, వీసా ఆలస్యాలు, విద్యార్థుల మానసిక ఆరోగ్యం వంటి విషయాల్లో మీరు పడుతున్న టెన్షన్ ఇంకో ఖండంలో ఇంకొకరు ఇదివరకే పడి, దారి కనిపెట్టి ఉంటారు.

ఈ వ్యవధిలోనే ఇంకో పని పూర్తి చేసుకోండి. విదేశీ భాగస్వాములకు ఇవ్వడానికి రెండు పేజీల సమాచార పత్రం తయారు చేయాలి. బయటి విద్యార్థులకు అందుబాటులో ఉన్న కోర్సులు, సెమిస్టర్ తేదీలు, క్రెడిట్ల లెక్క, మార్కుల విధానం, భాషా అర్హత, నామినేషన్ (ఎంపికైన విద్యార్థుల పేర్లు పంపే) గడువులు, వసతి, నెలకు సుమారు ఖర్చు, సంప్రదించాల్సిన ఆఫీసు ఈమెయిల్ అందులో ఉండాలి. వ్యక్తి పేరు మీద ఉన్న ఈమెయిల్ మాత్రమే ఇస్తే ఆయన బదిలీ అయిన రోజున మీ దారి మూసుకుపోతుంది. అందుకే ఆఫీసు పేరుతో ఉన్న అడ్రస్ తప్పనిసరి. వందేళ్ల చరిత్ర, శంకుస్థాపన ఫోటోలు, అధ్యక్షుల సందేశాలు ఉన్న రంగుల బ్రోచర్ కూడా తీసుకెళ్లొచ్చు, కానీ అది హోటల్ గదిలోనే మిగిలిపోతుంది.

మీటింగులు ఇంటి దగ్గరే కుదుర్చుకోండి

కాన్ఫరెన్స్ హాల్లోకి వెళ్లి, స్టాండ్ల ముందు నడుస్తూ, కనిపించినవాళ్లతో మాట్లాడదామనుకుంటే రోజంతా విజిటింగ్ కార్డులు పంచడంతో సరిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ల డైరీలు వారాల ముందే నిండిపోతాయి. మీటింగులు సాధారణంగా అరగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలే. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు అభ్యర్థనలు పంపడం మొదలుపెట్టండి.

ఎవరికి పంపాలి? ముందు మీకు ఇప్పటికే ఒప్పందం ఉన్నవాళ్లకు. ఉన్న సంబంధాన్ని లేపి నిలబెట్టడం, కొత్తది మొదలుపెట్టడం కంటే తేలిక. తర్వాత, మీ అధ్యాపకులకు పరిచయాలున్న యూనివర్సిటీలకు. మిగిలిన సమయం ఉంటేనే పూర్తిగా కొత్తవాళ్లకు. కొత్తవాళ్లైతే ఆ సంస్థకు వాళ్ల దేశంలో అధికారిక గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఐఏయూ నడిపే ప్రపంచ ఉన్నత విద్యా డేటాబేస్‌లో, ఆయా దేశాల అధికారులు గుర్తించిన 20,000కు పైగా సంస్థల వివరాలు ఉచితంగా దొరుకుతాయి. గొప్ప పేరు పెట్టుకుని డిగ్రీలు అమ్ముకునే సంస్థలు ఉన్న లోకంలో ఈ అయిదు నిమిషాల పని మానకండి.

సందేశం పొట్టిగా ఉండాలి. "మాది ఇంజనీరింగ్, వ్యవసాయ శాస్త్రాల యూనివర్సిటీ. మీ దగ్గర నీటి నిర్వహణలో మాస్టర్స్ కోర్సు ఉందని చూశాం. మా విభాగంలో ఇదే అంశం మీద ఇంగ్లిష్‌లో ఆరు కోర్సులున్నాయి. సెమిస్టర్ మార్పిడి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడే వీలుంటుందా? రెండో రోజు ఉదయం మాకు ఖాళీ ఉంది." ఈ మాత్రం చాలు. "పరస్పర ప్రయోజనకరమైన బహుముఖ సహకార అవకాశాలను అన్వేషించడానికి" అని మొదలయ్యే ఉత్తరాలు వాళ్లకు రోజూ వస్తుంటాయి, వాటిలో జవాబివ్వడానికి ఏమీ ఉండదు.

రోజుకు ఎనిమిది మీటింగులు మించనివ్వకండి. మధ్యలో ఒక గంట ఖాళీ ఉంచుకోండి, హాళ్ల మధ్య నడకకే చాలా సమయం పోతుంది. మొదటి రోజు సాయంత్రం జరిగే స్వాగత విందుకు మాత్రం తప్పక వెళ్లండి. మీటింగుకు టైమ్ ఇవ్వనివాళ్లు అక్కడ ప్లేటు పట్టుకుని తీరిగ్గా మాట్లాడతారు.

ఆ అరగంటలో ఏం అడగాలి

మొదటి అయిదు నిమిషాల్లోనే మీ పేజీలోని సంగతి చెప్పేయండి. తర్వాత వినండి. ఈ కింది ప్రశ్నలకు జవాబులు దొరికితే ఆ మీటింగు దండగ కానట్టే.

మీ విద్యార్థులు మా ప్రాంతానికి రావడానికి ఇష్టపడుతున్నారా? ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, అన్నిటికంటే తక్కువగా అడిగే ప్రశ్న కూడా. ఎక్స్ఛేంజ్ సాధారణంగా ఫీజుల మాఫీ మీద నడుస్తుంది. ప్రతి విద్యార్థి తన సొంత యూనివర్సిటీకే ఫీజు కట్టి, అవతల ఉచితంగా చదువుతాడు. అందుకే లెక్క రెండు వైపులా సమానంగా ఉండాలి. మీ నుంచి పదిమంది వెళ్లి అటు నుంచి ఎవరూ రాకపోతే రెండేళ్లలో వాళ్లు తలుపు వేసేస్తారు. అసమతుల్యత తప్పదనిపిస్తే దాన్ని అప్పుడే బయటపెట్టండి. ఏడాది పాటు చదివే ఒకరిని, సెమిస్టర్ చదివే ఇద్దరితో సమానంగా లెక్కించడం మామూలే. వేసవి కోర్సుకు వచ్చే బృందాన్ని కూడా లెక్కలో కలుపుకునేవాళ్లు ఉన్నారు.

మీ సెమిస్టర్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై, తరగతులు ఫిబ్రవరి దాకా సాగుతాయి. మీ రెండో సెమిస్టర్ జనవరిలో మొదలైతే, అక్కడికి వెళ్లిన మీ విద్యార్థి తిరిగొచ్చేసరికి ఇక్కడ పాఠాలు నెల రోజులు గడిచిపోతాయి. దీనికి ముందే జవాబు వెతకాలి.

డబ్బు ఎక్కడి నుంచి? ఎరాస్మస్ పథకం ఇప్పటి రూపమైన ఎరాస్మస్ ప్లస్ కింద యూరప్ బయటి యూనివర్సిటీలతో కూడా రాకపోకలకు నిధులు వస్తాయి. కానీ ఈ పద్ధతిలో దరఖాస్తు పెట్టేది యూరప్‌లోని యూనివర్సిటీ, మీరు కాదు. కాబట్టి "మీరు వచ్చే విడతకు దరఖాస్తు పెడుతున్నారా, మా ప్రాంతం అందులో ఉందా" అని సూటిగా అడగడంలో తప్పు లేదు. మీ వైపు సమాచారం త్వరగా పంపగలమని హామీ ఇస్తే వాళ్లకూ ధైర్యం వస్తుంది.

చివరిగా, ఈ ఒప్పందాన్ని మీ దగ్గర ఎవరు చూస్తారు, సంతకం ఎవరు పెడతారు, అది రావడానికి ఎంత కాలం పడుతుంది? కొన్నిచోట్ల డీన్ సంతకం చాలు. కొన్నిచోట్ల రెక్టర్ (యూనివర్సిటీ అధిపతి), లీగల్ విభాగం, బోర్డు అందరినీ దాటి రావాలి.

మీటింగు అయిపోగానే, తర్వాతి టేబుల్‌కు వెళ్లేలోపు కార్డు వెనక రెండు ముక్కలు రాసుకోండి. సాయంత్రానికి ముఖాలన్నీ కలిసిపోతాయి.

తిరిగొచ్చిన వారంలో

అందరికీ ధన్యవాదాలు పంపండి, అయితే నిజంగా పని ముందుకు వెళ్లేలా ఉన్న ముగ్గురు నలుగురికి మాత్రం విడిగా, ఆ మీటింగులో అనుకున్నదే రాయండి: ఏ విభాగం, ఎంతమంది, ఏ సెమిస్టర్, తర్వాత అడుగు ఎవరిది. రెండు వైపులా అధ్యాపకులను ఒక వీడియో కాల్‌లో కలిపేయండి. ఇంటర్నేషనల్ ఆఫీసులు మాత్రమే మాట్లాడుకుని కుదుర్చుకున్న ఒప్పందానికి విభాగాల్లో దిక్కుండదు. పొలైట్‌గా వద్దని చెప్పాల్సినవాళ్లకు కూడా అప్పుడే చెప్పేయండి. నెలల తరబడి "పరిశీలిస్తున్నాం" అనడం కంటే అదే మర్యాద.

కాగితం రాసేటప్పుడు

ఎంఓయూ, ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఒకటి కావు. ఎంఓయూ సాధారణంగా "కలిసి పనిచేయాలనుకుంటున్నాం" అని చెప్పే కాగితం, దానిలో డబ్బుకు గానీ సీట్లకు గానీ కట్టుబాటు ఉండదు. విద్యార్థిని పంపాలంటే విడిగా ఎక్స్ఛేంజ్ ఒప్పందం కావాలి. నన్నడిగితే, మొదట పని ఏమిటో తేలాకే ఎంఓయూ సంగతి ఎత్తాలి. సంతకాల కార్యక్రమంతో మొదలైనవాటికి తర్వాత ఊపిరి పోయడం కష్టం.

ఎక్స్ఛేంజ్ ఒప్పందంలో ఇవి స్పష్టంగా ఉండాలి: ఏటా ఎంతమంది, ఏ స్థాయి, ఏ విభాగాలు, ఏ ఫీజులు మాఫీ, ఏవి కట్టాలి, సమతుల్యతను ఎన్నేళ్ల మీద లెక్కిస్తారు, ఎంపిక ఎవరు చేస్తారు, చేర్చుకునే తుది అధికారం ఎవరిది, ఆరోగ్య బీమా ఎవరి బాధ్యత, వసతి హామీయా లేక సాయమేనా, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) ఎన్ని వారాల్లో పంపాలి, క్రమశిక్షణ సమస్య వస్తే ఎవరి నిబంధనలు వర్తిస్తాయి. విద్యార్థుల వ్యక్తిగత వివరాల రక్షణ మీద ఒక పేరా ఉంచండి. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం అమల్లో ఉంది కాబట్టి అక్కడివాళ్లు దాని గురించి తప్పకుండా అడుగుతారు. కాలపరిమితి ఎక్కువగా అయిదేళ్లు పెట్టుకుంటారు.

క్రెడిట్ల లెక్క దగ్గర ఆగి ఆలోచించండి, తిరిగొచ్చిన విద్యార్థి కన్నీళ్లు పెట్టుకునేది ఇక్కడే. యూరప్ ఉమ్మడి క్రెడిట్ల విధానమైన ఈసీటీఎస్‌లో పూర్తికాల చదువు ఏడాదికి 60 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ, అందులో తరగతితో పాటు సొంత చదువు కూడా కలుస్తుంది. బ్రిటన్‌లో ఏడాదికి 120, అమెరికాలో మామూలుగా 30 ప్రాంతం. కాబట్టి అంకెలు చూసి పోల్చకండి, ఏడాది చదువులో అది ఎంత భాగమో చూడండి. అక్కడి 30 ఈసీటీఎస్ మీ దగ్గర పూర్తి సెమిస్టర్‌కు సమానమని మీ అకడమిక్ కౌన్సిల్‌తో రాతపూర్వకంగా ఆమోదం తీసుకోండి. విద్యార్థి బయల్దేరే ముందే ఏ కోర్సుకు బదులు ఏ కోర్సు అని పట్టిక రాసి, విద్యార్థి, రెండు యూనివర్సిటీలు సంతకం చేయాలి. ఎరాస్మస్‌లో దీన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. మీరు ఎరాస్మస్‌లో లేకపోయినా ఆ పద్ధతి అరువు తెచ్చుకోండి. అక్కడికి వెళ్లాక ఒక కోర్సు రద్దవడం మామూలే, అందుకని మార్పులకు గడువు, ఆమోదించే వ్యక్తి పేరు పట్టికలోనే ఉంచండి.

మొదటి ఏడాది చిన్నగా నడపండి

ఇద్దరు విద్యార్థులు అటు, ఇద్దరు ఇటు. అంతే. పంపడానికి డబ్బు గానీ ఇవ్వడానికి వసతి గానీ లేకపోతే ఆన్‌లైన్ ఉమ్మడి కోర్సుతో మొదలుపెట్టండి. రెండు దేశాల ఇద్దరు అధ్యాపకులు తమ తమ కోర్సుల్లో కొన్ని వారాలు కలిపి, విద్యార్థులతో మిశ్రమ జట్లుగా ప్రాజెక్టు చేయించే ఈ పద్ధతిని కాయిల్ అంటారు. విమానం ఎక్కే స్తోమత లేనివాళ్లకు కూడా ఇందులో చోటు ఉండటం దీని గొప్ప. పైగా అధ్యాపకులు ఒకరితో ఒకరు పనిచేయగలరో లేదో మూడు వారాల్లో తేలిపోతుంది.

వచ్చిన విద్యార్థిని మొదటి వారంలో కలవండి, మధ్యలో ఒకసారి, వెళ్లేముందు ఒకసారి. అవతలి ఆఫీసుకు నెలకో చిన్న ఈమెయిల్ చాలు. ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రం ఆలస్యం కానివ్వకండి. మీ మీద నమ్మకం పెరిగేదీ, పోయేదీ ఎక్కువగా ఆ ఒక్క కాగితం దగ్గరే.

సంఘంలో వినేవాళ్లుగానే మిగలకండి

రెండో ఏడాదికి మీ దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. కాన్ఫరెన్స్ సెషన్లకు ప్రతిపాదనలు చాలా నెలల ముందే తీసుకుంటారు, ఆ తేదీ చూసుకోండి. మీ ఒక్కరి యూనివర్సిటీ గొప్పలు చెప్పే ప్రతిపాదనకు చోటు దొరకదు. మీ కొత్త భాగస్వామితో కలిసి, ఇద్దరికీ ఎదురైన ఒక చిక్కు, దాన్ని విప్పిన తీరు రాసి పంపండి. వేర్వేరు దేశాల వక్తలున్న సెషన్లకు ఆదరణ ఎక్కువ. సెషన్ రాకపోయినా ప్రతిపాదనలు చదివి మార్కులేసేవాళ్లుగా, కొత్త సభ్యులకు మెంటార్‌గా స్వచ్ఛందంగా పేరిచ్చుకోవచ్చు. ఈ సంఘాలు చాలావరకు సభ్యుల ఉచిత సేవ మీదే నడుస్తున్నాయి, పనిచేసే చోట కుదిరే స్నేహాలు కాఫీ విరామంలో కుదరవు.

గడువు దగ్గర పడినప్పుడు

ప్రతి ఒప్పందం ముగింపు తేదీని, దానికి తొమ్మిది నెలల ముందు తేదీని ఆఫీసు క్యాలెండర్‌లో వేసుకోండి. ఆ రోజున మూడు అంకెలు తీయండి: ఎంతమంది వెళ్లారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని క్రెడిట్లు నిజంగా గుర్తింపు పొందాయి. వెళ్లొచ్చినవాళ్లను, విభాగాన్ని ఒక మాట అడగండి. ఒక వైపే బరువైతే వచ్చే విడతలో సంఖ్య తగ్గించండి, లేదా విభాగం మార్చండి. అయిదేళ్లలో ఎవరూ కదలని ఒప్పందాన్ని సెంటిమెంట్ కోసం పొడిగించకండి. ముగించాలనుకుంటే ఒప్పందంలో రాసుకున్న నోటీసు గడువుకు ముందే ఉత్తరం పంపండి. అప్పటికే అక్కడ చదువుతున్న, ఎంపికైన విద్యార్థులకు చదువు పూర్తయ్యేదాకా పాత షరతులే వర్తిస్తాయన్న వాక్యం అందులో తప్పకుండా ఉండాలి.